బ్యాగుల దగ్గర ఎవరు కూర్చోవాలి?

సెలవులు దగ్గరపడ్డాయంటే నాకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. పోయిన నెల దాకా మొక్కకి పురుగు పట్టింది, ఫ్రిజ్‌లోంచి వాసన వస్తోంది అని రాసినవాళ్లే ఇప్పుడు ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉండే థీమ్ పార్కుకి ఇంటిల్లిపాదీ వెళ్తున్నాం, కాస్త దారి చెప్పండి అంటున్నారు. ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. మొక్కలవాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు, పాపకి పదకొండేళ్లు, బాబుకి నాలుగు. మా అత్తగారికి అరవై ఎనిమిది, మోకాళ్ల నొప్పులు. కారులో రెండు గంటల దూరంలో ఉన్న పార్కుకి పొద్దున్నే బయల్దేరి రాత్రికి వచ్చేద్దామని అనుకుంటున్నాం. మావారు పార్కు మ్యాపు ముందేసుకుని ఇరవై రెండు రైడ్లకి నిమిషాలతో సహా టైమ్‌టేబుల్ రాసేశారు. నాకేమో ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. అందరికీ నచ్చేలా ఈ రోజు గడవాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ టైమ్‌టేబుల్ చింపేయండమ్మా, ప్రేమగానే చింపండి. చిన్న లెక్క చెప్తా. పార్కు ఎనిమిది గంటలు తెరిచి ఉంటుంది అనుకుందాం, అంటే 480 నిమిషాలు. భోజనం, బాత్‌రూమ్‌లు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడక, బాబు బూటు ఊడిపోవడం, మళ్లీ తొడగడం, వీటికి తక్కువలో తక్కువ రెండు గంటలు పోతాయి. మిగిలింది 360. సెలవు రోజున పెద్ద రైడ్‌కి నలభై నిమిషాలు నిలబడితే ఎక్కి దిగడానికి పట్టేది మూడు, నాలుగు నిమిషాలు. అంటే పెద్దవి ఎనిమిది ఎక్కితే రోజు అయిపోయింది. ఇరవై రెండు అని రాసుకుని వెళ్తే ఎనిమిది ఎక్కి కూడా ఓడిపోయినట్టే తిరిగొస్తారు, దారి పొడుగునా కారులో ఎవరూ మాట్లాడరు.

మా ఇంట్లో మేం చేసేది ఇది. వెళ్లే ముందు రోజు రాత్రి ఒక్కొక్కరూ ఒక్కటి చెప్పాలి, ఇది లేకపోతే నేను వెళ్లినట్టే కాదు అనిపించేది, ఒక్కటంటే ఒక్కటే. మీరు ఐదుగురు కాబట్టి ఐదు వస్తాయి. ఆ ఐదూ అయిపోతే మిగతాదంతా లాభం కింద లెక్క. ఇందులో కిటుకు ఏంటంటే మీ అత్తగారిని కూడా అడగాలి, "నాదేముందమ్మా, మీరు వెళ్లండి" అని ఆవిడ అంటారు, మొదటిసారి అందరూ అదే అంటారు, రెండోసారి కూడా అడగండి. మ్యాపు ఆవిడ చేతికిచ్చి అడగండి. పార్కు చుట్టూ తిరిగే చిన్న రైలో, పడవో, పూలతోటో, తోలుబొమ్మల ఆటో ఏదో ఒకటి ఆవిడ వేలు పెట్టి చూపిస్తారు.

గేటు తెరిచే టైమ్‌కి పావుగంట ముందే అక్కడ ఉండండి. మొదటి గంటలో క్యూలు చిన్నవి, ఆ గంటకి ఉన్న విలువ మధ్యాహ్నం మూడు గంటలకి లేదు. లోపలికి రాగానే ఎదురుగా కనిపించే రైడ్ దగ్గర అందరూ ఆగిపోతారు, మీరు ఆగకుండా బాగా లోపల ఉన్న దానికి వెళ్లి అక్కడి నుంచి గేటు వైపు వెనక్కి రండి. భోజనం కూడా అందరూ తినే టైమ్‌కి కాకుండా ఓ గంట ముందే కానిచ్చేయండి, వాళ్లు భోజనాల క్యూలో ఉన్నప్పుడు మీరు రైడ్ల క్యూలో ఉంటారు.

బాబు ఎక్కలేనివి పాప ఎక్కాలి కదా. చాలా పార్కుల్లో పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక సౌకర్యం ఉంటుంది, చాలామందికి తెలియదు. ముందు మీవారు పాపతో ఎక్కుతారు, మీరు బాబుతో బయట ఉంటారు, ఆయన దిగాక మళ్లీ మొదటినుంచి క్యూ కట్టకుండానే మీరు ఎక్కొచ్చు. రైడ్ దగ్గర నిలబడ్డ సిబ్బందిని అడగడమే. ఇందులో పాపకి రెండుసార్లు ఎక్కే ఛాన్స్ కూడా దొరకొచ్చు, కొన్నిచోట్ల ఒప్పుకుంటారు.

మోకాళ్ల సంగతి. ఇలాంటి పార్కులో రోజంతా తిరిగితే ఎంత నడుస్తామో ముందు తెలియదు, సాయంత్రం కాళ్లు చెప్తాయి. చక్రాల కుర్చీ గేటు దగ్గర అద్దెకి దొరుకుతుందేమో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఉన్నవి తొందరగా అయిపోతాయి. కుర్చీ అనగానే "నేనేమైనా పేషెంట్‌నా" అని ఆవిడ కోప్పడితే, బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి అని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు, మధ్యాహ్నం రెండింటికి వాడు నిద్రపోయేది అక్కడే.

ఇంకొకటి, కారు ఎక్కడ పెట్టారో ఆ స్తంభం నంబర్ ఫోటో తీసుకోండి. మేం ఒకసారి తీసుకోలేదు. పొద్దున ఖాళీ మైదానంలో "ఆ చెట్టు కింద" అని గుర్తు పెట్టుకున్నాం, రాత్రికి చూస్తే చెట్లన్నీ ఒకేలా ఉన్నాయి, నాలుగు వందల కార్లున్నాయి, ఏడుస్తున్న పిల్లాణ్ని ఎత్తుకుని గంటసేపు తిరిగాం. ఆ రోజు ఎక్కిన రైడ్లు ఒక్కటీ గుర్తులేవు, ఆ పార్కింగ్ మాత్రం అంగుళం అంగుళం గుర్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎత్తు 118 సెంటీమీటర్లు, తను ఎక్కాలనుకుంటున్న రోలర్ కోస్టర్‌కి 120 ఉండాలట. రెండు సెంటీమీటర్లే కదండీ, కాస్త మందం సోల్ ఉన్న బూట్లు వేసి తీసుకెళ్దామని అనుకుంటున్నా. తప్పా?

జవాబు: తప్పే. తిట్టడానికి రాయలేదు, కారణం చెప్తా వినండి. ఆ గీత పిల్లల మీద పగతో గీసింది కాదు, ఒళ్లోకి దిగే ఇనుప బారు కోసం గీసింది. ఆ బారు తొడల మీద, తుంటి దగ్గర గట్టిగా ఆనుకుని పట్టుకోవాలి. బండి కొండ పైనుంచి ఒక్కసారిగా కిందికి దూకినప్పుడు ఒళ్లు సీటు మీంచి పైకి తేలుతుంది, కడుపులో ఖాళీ అయినట్టు ఉంటుందే, అప్పుడు మనల్ని పట్టుకుని ఉంచేది ఆ బారొక్కటే. చిన్న పిల్ల అయితే బారుకీ తొడకీ మధ్య సందు మిగులుతుంది, ఆ సందులోంచి ఒళ్లు జారే ప్రమాదం ఉంది. ప్రతి పిల్లకీ తుంటి కొలవలేరు కాబట్టి ఎత్తు కొలుస్తారు. మీరు బూటు సోల్ పెంచితే పాదం కింద రెండు సెంటీమీటర్లు పెరుగుతాయి, తొడ పెరగదు కదా.

అసలు చేయాల్సింది ఇంట్లోనే చేయండి. బూట్లు విప్పించి గోడకి నిలబెట్టి కొలవండి, పార్కు వెబ్‌సైట్‌లో ఏ రైడ్‌కి ఎంతో చూడండి, తను ఏవి ఎక్కొచ్చో తననే లిస్ట్ రాయమనండి. గంటసేపు క్యూలో నిలబడి, తీరా ఎత్తు కొలిచే కర్ర పక్కన నిలబడ్డాక "నువ్వు కాదు" అనిపించుకోవడం ఉంది చూశారూ, ఏడేళ్ల పిల్లకి అంతకంటే అవమానం లేదు. ఒక పాపని చూశాను నేను, మడమలు లేపి, మెడ సాగదీసి, ఊపిరి బిగబట్టి నిలబడింది, ఎత్తు కొలుస్తున్న సిబ్బంది అమ్మాయి మెల్లిగా భుజం మీద చెయ్యి వేసి కిందికి దించింది. ఆ చెయ్యి వేసినామెని పాప వాళ్ల నాన్న చెడామడా తిట్టాడు. ఆమె చేసింది ఆ పాప మంచి కోసమే.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. రోలర్ కోస్టర్ లూప్‌లో తలకిందులు అయినప్పుడు బెల్ట్ వల్లే పడిపోకుండా ఉంటామని మా ఫ్రెండ్ అంటాడు. బెల్ట్ లేకపోయినా పడరు అని నేనంటాను. ఎవరు కరెక్ట్? లూప్ గుండ్రంగా కాకుండా నీటి బొట్టు ఆకారంలో ఎందుకు ఉంటుంది?

జవాబు: ఇలాంటి ప్రశ్న ఒక్కటొస్తే చాలు, నెలంతా హుషారుగా ఉంటుంది నాకు. బండి అనుకున్న వేగంతో పోతున్నంతసేపూ నువ్వే కరెక్ట్. అయినా బెల్ట్ పెట్టుకో.

చిన్న బకెట్‌లో సగం దాకా నీళ్లు పోసి, పిడి పట్టుకుని చెయ్యి చాచి గిరగిరా నిలువుగా తిప్పు. బాత్‌రూమ్‌లో కాదు, పెరట్లో. బకెట్ తలకిందులైనప్పుడు కూడా నీళ్లు పడవు. నీళ్లు తిన్నగా ముందుకు పోదామని చూస్తుంటే బకెట్ అడుగు వాటిని లోపలికి వంచుతూ ఉంటుంది, అందుకని నీళ్లు అడుగుకి అదిమినట్టు ఉంటాయి. లూప్ పైన నువ్వు ఆ నీళ్లు, సీటు బకెట్ అడుగు. నెమ్మదిగా తిప్పి చూడు, నెత్తి మీద పడతాయి. అందుకే వేగం ముఖ్యం, ఒకవేళ వేగం తగ్గితే పట్టుకోవడానికి బారు, బెల్ట్. మీ ఫ్రెండ్‌కి ఆ సగం మార్కులు ఇచ్చేయ్.

ఇక నీటి బొట్టు. పూర్తి గుండ్రంగా ఉన్న లూప్ వేసి, పైకి చేరేసరికి పడిపోకుండా ఉండడానికి సరిపోయేంత వేగమే ఉందనుకో. అప్పుడు లెక్క కట్టి చూస్తే, లూప్ అడుగున నీ ఒంటి మీద పడే భారం నీ బరువుకి ఆరింతలు ఉంటుంది. నువ్వు 40 కిలోలు అయితే ఆ క్షణంలో సీటుకి నువ్వు 240 కిలోల మనిషివి. మీ ఫిజిక్స్ మాస్టారిని అడిగితే రెండు లైన్లలో బోర్డు మీద చేసి చూపిస్తారు. 1895లో న్యూయార్క్ పక్కన కోనీ ఐలండ్‌లో ఇలా గుండ్రటి లూప్‌తో ఒక రైడ్ కట్టారు, దిగినవాళ్లు మెడలు పట్టుకుని దిగారు, అది ఎక్కువ కాలం నడవలేదు. 1976లో కాలిఫోర్నియాలో జర్మన్ ఇంజినీర్లు ఆంటన్ ష్వార్జ్‌కోఫ్, వెర్నర్ ష్టెంగెల్ దీన్ని సరిచేశారు. కింద వేగం ఎక్కువ కాబట్టి అక్కడ వంపు పెద్దగా, మెత్తగా ఉంచారు, పైన వేగం తక్కువ కాబట్టి అక్కడ వంపు చిన్నదిగా, బిగువుగా చేశారు. దాంతో కింద నలగం, పైన వేలాడం. ఆ రెండూ కలిస్తే వచ్చిన ఆకారమే నీటి బొట్టు.

ఈసారి ఎక్కినప్పుడు ఒక పని చెయ్. మొదటి కొండ ఎక్కేటప్పుడు కింద టక్ టక్ టక్ అని శబ్దం వస్తుంది, అందరూ దాన్ని వినే భయపడతారు. అది బండిని వెనక్కి జారనివ్వకుండా పళ్లలో పడుతున్న కొక్కెం చప్పుడు. గొలుసు తెగినా బండి అక్కడే ఆగిపోతుందన్నమాట. భయపెట్టే శబ్దమే కాపాడే శబ్దం. అలాగే చక్రాలు చూడు, పట్టా పైన ఒక జత, పక్కన ఒక జత, పట్టా కింద కూడా ఒక జత ఉంటుంది. కింద చక్రం పెట్టే పద్ధతికి జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంట్ తీసుకున్నాడు, అప్పట్నుంచే కొండలు అంత నిటారుగా కట్టడానికి ధైర్యం వచ్చింది.

ప్రశ్న: రైడ్ బయట బోర్డు మీద "45 నిమిషాలు" అని రాసి ఉంటుంది. నమ్మొచ్చా?

జవాబు: మీరే లెక్క పెట్టుకోండి, రెండు నిమిషాల పని. నిమిషానికి ఎంతమంది లోపలికి వెళ్తున్నారో చూడండి. ఇరవై మంది పట్టే పడవ నిమిషానికొకటి కదిలితే నిమిషానికి ఇరవై మంది. మీ ముందు సుమారు ఆరు వందల మంది ఉన్నారనుకోండి, అరగంట. పిల్లలకి ఈ లెక్క ఇవ్వండి, తలలు లెక్కపెట్టడంలోనే పది నిమిషాలు గడిచిపోతాయి. ఒంటరిగా ఎక్కేవాళ్లకి కొన్ని రైడ్లలో వేరే క్యూ ఉంటుంది, మిగిలిపోయిన ఒక్కో సీటు వాళ్లకిస్తారు, పక్కపక్కన కూర్చోవాలన్న పట్టింపు లేకపోతే అటు వెళ్లండి.

ప్రశ్న: నాకు ముప్ఫై నాలుగేళ్లు. గిరగిరా తిరిగేది ఏదెక్కినా కడుపులో తిప్పేస్తుంది. మా ఫ్రెండ్స్ గ్యాంగ్ అంతా నవ్వుతారు. ఈసారి వాళ్లతో వెళ్లాలా, మానేయాలా?

జవాబు: వెళ్లండి, నవ్వేవాళ్లలో కనీసం ఒకరు కప్పులు తిరిగే రైడ్ దిగాక గోడ పట్టుకుని నిలబడతారు, అప్పుడు మీరు నీళ్లు ఇవ్వచ్చు.

ఇది పిరికితనం కాదు, చెవి వ్యవహారం. చెవి లోపల మూడు అర్ధచంద్రాకారపు గొట్టాల్లో ద్రవం ఉంటుంది, తల తిరిగితే అది కదిలి మెదడుకి కబురు పంపుతుంది. గుండ్రంగా చాలాసేపు తిరిగి ఆగిపోతే మనం ఆగినా ఆ ద్రవం ఇంకాసేపు కదులుతూనే ఉంటుంది, కళ్లు "ఆగాం" అంటాయి, చెవి "లేదు, తిరుగుతున్నాం" అంటుంది, ఆ తగువు కడుపు మీద పడుతుంది. అందుకే చాలామందికి రోలర్ కోస్టర్ కంటే ఒకేచోట గిరగిరా తిరిగేవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మీరు కోస్టర్ ఎక్కగలరేమో ఒకసారి చిన్నదాంట్లో చూసుకోండి.

ఖాళీ కడుపుతో వెళ్లకండి, కడుపు నిండా నూనె పదార్థాలు తిని కూడా వెళ్లకండి. తేలిగ్గా తిని గంటన్నర ఆగండి. రైడ్‌లో చేతులు, కాళ్లు, పక్కవాళ్ల మొహం చూడకుండా దూరంగా కదలనిదాన్ని ఒకదాన్ని చూడండి, ఫోన్‌లో వీడియో తీయాలన్న ఆలోచన అస్సలు వద్దు. కళ్లజోడు పెట్టుకుని సీట్లు కదిలే సినిమా లాంటివి ఉంటాయి, అవి ఉన్నచోటు నుంచి కదలకుండానే మనల్ని తిప్పేస్తాయి, వాటిని వదిలేయండి. అల్లం ముక్క నమిలితే కొందరికి నయంగా ఉంటుంది. మాత్ర వేసుకోవాలంటే డాక్టర్‌ని అడిగి, రైడ్ ఎక్కకముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. చాలావాటికి మత్తు వస్తుంది, కాబట్టి ఆ రోజు కారు మీరు నడపకండి. ఇక అన్నిటికంటే ముఖ్యం, "నేనిది ఎక్కను" అని క్యూలో చేరకముందే చెప్పేయండి. నలభై నిమిషాలు నిలబడ్డాక చెప్తే నిజంగానే నవ్వుతారు.

ప్రశ్న: సగం రోజు వాన పడుతుందని వాతావరణ శాఖ చెప్తోంది. టికెట్లు కొనేశాం. ఏం చేయాలి?

జవాబు: చినుకులైతే వెళ్లండి, జనం సగమవుతారు. పిడుగులు పడతాయంటే మాత్రం ఎత్తైన రైడ్లన్నీ ఆపేస్తారు, సిబ్బందితో వాదించకండి. ఒక్కొక్కరికి రెండు జతల మేజోళ్లు అదనంగా పెట్టుకోండి. తడి మేజోళ్లతో గంట నడిస్తే పాదాలకి బొబ్బలు, ఆ తర్వాత ఏ రైడ్ అయినా ఒకటే.

ప్రశ్న: ఈ పార్కులన్నీ ఊరికి అంత దూరంగా ఎందుకు కడతారు? వెళ్లి రావడానికే సగం ఓపిక అయిపోతుంది.

జవాబు: స్థలం, చప్పుడు, కార్లు పెట్టే మైదానం, ఈ మూడింటి కోసమే. కానీ దీని వెనక కథలు బాగుంటాయి, అందుకని కొంచెం ఎక్కువే రాస్తా.

డెన్మార్క్‌లో కోపెన్‌హేగెన్‌కి ఉత్తరాన అడవిలో 1583లో ఒక నీటి ఊట బయటపడింది. ఆ నీళ్లు తాగితే ఆరోగ్యమని జనం రావడం మొదలుపెట్టారు, జనం వస్తే గారడీవాళ్లు, అమ్ముకునేవాళ్లు వచ్చారు, అది పెరిగి పెరిగి పార్కు అయ్యింది. పేరు డ్యూరెహావ్స్‌బాకెన్, ఇప్పటికీ నడుస్తోంది, ప్రపంచంలో అన్నిటికంటే పాతదని చెప్తారు. అంటే ఊరి బయటికి వెళ్లడం అనేది రైడ్లకంటే ముందే పుట్టింది అన్నమాట.

వాల్ట్ డిస్నీ 1955లో కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీలాండ్ అంతకుముందు 160 ఎకరాల నారింజ తోటలు. అప్పటికి అది పల్లెటూరే. పార్కు తెరిచాక చుట్టూ హోటళ్లు మొలిచి ఊపిరాడకుండా చేసేశాయి. ఆ అనుభవంతోనే ఫ్లోరిడాలో రెండో పార్కుకి ఏకంగా 27 వేల ఎకరాలకి పైగా కొన్నారు, అది 1971లో తెరిచారు.

నాకు బాగా నచ్చింది ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ సంగతి. పచ్చటి పల్లెల మధ్య పాత కోట తోటల్లో ఉంది అది. చెట్ల కొసలు దాటి ఏదీ పైకి కనపడకూడదని అక్కడ నిబంధన. పైకి కట్టనివ్వకపోతే వాళ్లేం చేశారు? కిందికి తవ్వారు. 1994లో తెరిచిన నెమెసిస్ అనే కోస్టర్ రాతి నేలలో తవ్విన గుంటల్లో తిరుగుతుంది. బయటినుంచి చూస్తే చెట్లే, లోపల అరుపులు. నాకైతే ఎత్తు కోసం పోటీపడే పార్కులకంటే ఇదే తెలివైన పని అనిపిస్తుంది.

మీ ఓపిక సంగతికి వస్తే, వెళ్లేటప్పటి దూరం ఎవరికీ కష్టం కాదు, వచ్చేటప్పటిదే. పార్కు మూసే దాకా ఉండి, అందరితోపాటు గేటు దగ్గర ఇరుక్కుని, అలసిన చేతులతో రాత్రి రెండు గంటలు కారు నడపడం కంటే గంట ముందు బయల్దేరడం మంచిది. డ్రైవింగ్ చేసేవాళ్లకి మధ్యాహ్నం చెట్టు కింద అరగంట నిద్ర ఇప్పించండి.

ప్రశ్న: జనంలో మా ఐదేళ్ల బాబు తప్పిపోతాడేమోనని భయం. చేతికి తాడు కట్టమంటారా?

జవాబు: తాడు గురించి నాకు అభ్యంతరం లేదు, కొందరు పిల్లలు నిజంగా చేపల్లా జారిపోతారు. అంతకంటే ముందు ఇవి చేయండి. గేటు దగ్గర ఆ రోజు బట్టల్లో వాడిని తల నుంచి కాళ్ల దాకా ఒక ఫోటో తీయండి. కంగారులో చొక్కా రంగు తల్లికి కూడా గుర్తురాదు. మీ ఫోన్ నంబర్ వాడి మణికట్టు మీద పెన్నుతో రాసి, పైన పారదర్శకంగా ఉండే టేప్ అతికించండి, నీళ్ల రైడ్‌లో చెరిగిపోకుండా. "నేను కనపడకపోతే వెతకొద్దు, ఉన్నచోటే నిలబడు, యూనిఫామ్ వేసుకున్నవాళ్లకి చెప్పు" అని ఇంట్లో రెండుసార్లు ఆటలా ఆడించండి. వాడికి మీ పేరు వచ్చా? చాలామంది పిల్లలకి అమ్మ పేరు అమ్మే. అసలు పేరు నేర్పండి.

ఒకవేళ కనపడకపోతే మొహమాటపడి మెల్లిగా వెతకొద్దు. పేరు, చొక్కా రంగు చెప్తూ గట్టిగా అరవండి, చుట్టూ ఉన్నవాళ్లంతా చూస్తారు. అదే నిమిషంలో సిబ్బందికి చెప్పండి. అక్కడ నీళ్ల కొలనుంటే మీలో ఒకరు ముందు అటే పరిగెత్తాలి.

ప్రశ్న: నాకు డెబ్బై ఒకటి. మనవళ్లతో వెళ్లినప్పుడల్లా నన్ను బ్యాగుల దగ్గర కూర్చోబెట్టి వెళ్లిపోతారు. "తాతయ్యా, ఇప్పుడే వచ్చేస్తాం" అంటారు, గంట తర్వాత వస్తారు. వాళ్ల తప్పు కాదు, నేనే వద్దంటాను. కానీ ఒక్కసారి ఏదైనా ఎక్కాలని ఉంది. ఈ వయసులో అడిగితే బాగుంటుందా?

జవాబు: బాబాయ్ గారూ, అడగండి. మీ ఉత్తరం చదివాక నేను మా పాత ఫోటోల పెట్టె తీశాను. అలాంటి ఒక రోజు ఫోటోలు ముప్ఫై రెండున్నాయి. మా నాన్న ఒక్క దాంట్లో ఉన్నారు, అదీ అంచున, సగం కోసేసి, ఒళ్లో రెండు బ్యాగులు, పక్కన రెండు, చేతిలో ఎవరిదో కరిగిపోతున్న ఐస్‌క్రీమ్. ఆ రోజు లాకర్ తీసుకోవచ్చని మాకెవరికీ తట్టలేదు. లాకర్ లేక కాదు.

గుండె జబ్బు, బీపీ, మెడ, నడుము ఆపరేషన్లు ఏమైనా ఉంటే డాక్టర్‌ని అడగండి, ప్రతి రైడ్ ముందు బోర్డు మీద ఎవరు ఎక్కకూడదో రాసి ఉంటుంది, అది నిలబడి చదవండి. కుదుపులుండే వాటి జోలికి పోకండి. రంగులరాట్నం ఉంది, రైలు ఉంది, కానీ మీకు నేను చెప్పేది జెయింట్ వీల్. ఎత్తంటే భయం లేకపోతేనే సుమా. అది నెమ్మదిగా తిరిగే పెద్దది అయి ఉండాలి, కూర్చునే గది మూసి ఉండాలి, ఎక్కేటప్పుడు పూర్తిగా ఆపమని ముందే అడగండి, ఆపుతారు.

అది పుట్టింది కూడా పిల్లల కోసం కాదు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి పారిస్ ఈఫిల్ టవర్‌ని తలదన్నేది ఏదైనా కావాలన్నారు. జార్జ్ ఫెర్రిస్ అనే వంతెనల ఇంజినీర్ 264 అడుగుల చక్రం కట్టాడు. దానికి 36 గదులు, ఒక్కో గదిలో అరవై మంది, అంటే నిండితే 2,160 మంది ఒకేసారి గాల్లో. రెండు చుట్లు తిరగడానికి ఇరవై నిమిషాలు పట్టేది. టోపీలు, పొడుగు గౌన్లు, కోట్లు వేసుకున్న పెద్దవాళ్లు వరుస కట్టి ఎక్కారు, కేకలు వేయడానికి కాదు, తమ ఊరు పైనుంచి ఎలా ఉంటుందో చూడ్డానికి. అప్పటికి విమానాలే లేవు.

ఈసారి కారు దిగగానే, ఎవరూ ఎటూ పరిగెత్తకముందే, "నేను జెయింట్ వీల్ ఎక్కుతున్నా, నాతో ఎవరొస్తారు" అని అడగండి. ఎక్కనా అని కాదు, ఎక్కుతున్నా అని. చిన్న మనవడు వస్తాడు, నాకు తెలుసు. పైకి చేరాక చక్రం కాసేపు ఆగుతుంది, అప్పుడు కిందికి చూడండి, పార్కు అయిపోయిన చోట పొలాలు మొదలవుతాయి, మీరొచ్చిన రోడ్డు కనిపిస్తుంది. బ్యాగుల దగ్గర మీ అబ్బాయి కూర్చుని ఉంటాడు. చెయ్యి ఊపండి.